కాంక్రీటు పోయకముందే అడగాలి: కడుతున్న అణు కేంద్రం మీద జనం ఎలా కన్నేసి ఉంచాలి

మొదట ఒక నోటుబుక్కు తీసుకుని, మీ ఊరి నుంచి, పక్క తండాల నుంచి ఎవరెవరు ఏ సైట్లకు పనికి పోయారో రాయడం మొదలుపెట్టండి. గుంపు మేస్త్రి ఎవరో అక్కర్లేదు, అడ్వాన్సు ఎంత తీసుకున్నారో అక్కర్లేదు. ఏ రాష్ట్రం, ఏ ప్రాజెక్టు, ఏం పని, సెంట్రింగా, రాడ్ బెండింగా, కాంక్రీటా, వెల్డింగా, ఏ నెల నుంచి ఏ నెల దాకా, అంతే చాలు. అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ, నారాయణపేట, ఎటువైపు ఊళ్లో కూర్చుని రాసినా ఒక పూటలో పేజీలు నిండుతాయి. అణు కేంద్రం భద్రత గురించి చెప్తానని కూలీల లెక్క అడుగుతున్నాడేంటి అనుకోకండి, ఈ నోటుబుక్కు అవసరం చివరిదాకా వస్తూనే ఉంటుంది.

మన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో అణు విద్యుత్ కేంద్రం లేదు, నిజమే. కైగా కర్ణాటకలో ఉంది, కూడంకుళం తమిళనాడులో ఉంది, కొవ్వాడలో కట్టాలనుకుంటున్నది శ్రీకాకుళం జిల్లాలో. కానీ దేశంలో ఎక్కడ పెద్ద కట్టడం లేస్తున్నా మన పాలమూరు లేబర్ అక్కడికి పోతారు. పైగా అణు ఇంధనం మొదలయ్యే చోటు మన కాళ్ల కిందే ఉంది. లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం కోసం 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల సంగతేంటని నల్లగొండ జనం నిలదీశారు. నల్లమలలో యురేనియం తవ్వొద్దని 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. కాబట్టి ఇది పక్క రాష్ట్రం వాళ్ల గొడవ అని వదిలేసే విషయం కాదు.

మా చిన్నాన్న ఇరవై ఏళ్లు రాడ్ బెండింగ్ చేశాడు, అందులో మూడేళ్లు ఒక అణు కేంద్రం సైట్‌లో. ఒక రాత్రి పోత ఆగకూడదన్న తొందరలో కవర్ బ్లాకులు, అంటే ఇనుము కాంక్రీటు అంచుకు తగలకుండా కింద పెట్టే దిమ్మలు, అయిపోతే రాళ్ల ముక్కలు పెట్టి కానిచ్చారట, పొద్దున చెకింగ్ వాళ్లు వచ్చేసరికి అంతా కాంక్రీటు కింద ఉంది. అది రియాక్టర్ భవనం కాదు, ఏదో పక్క కట్టడం, అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆయనకు చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. అక్కడి భాష రాదు, సూపర్‌వైజర్‌కు చెప్తే పని పోతుందన్న టెన్షన్, గేటు బయట ఉన్న ఊరివాళ్లకేమో ఈయన ఎవరో కూడా తెలియదు. చూసినవాడు లోపల, అడగగలిగినవాళ్లు బయట, ఇద్దరి మధ్య గోడ. మనం చేయాల్సిన పని అంతా ఈ ఇద్దర్నీ కలపడమే, అదీ కాంక్రీటు పోసేలోపు. ఇంధనం నింపి కేంద్రం నడవడం మొదలయ్యాక లోపల ఏముందో చూడాలంటే శాస్త్రవేత్తలకే కష్టం, ఊరివాళ్లకు ఎలా కుదురుతుంది.

ఎవరు కడతారు, ఎవరు ఆపగలరు

చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు, కలెక్టర్ దగ్గరికి పోయి రియాక్టర్ గురించి అడుగుతారు, ఆయన మాకు సంబంధం లేదంటాడు, ఇంటికి వచ్చేస్తారు. ఇప్పటిదాకా మన దేశంలో కరెంటు కోసం అణు కేంద్రాలు కట్టి నడుపుతున్నది ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్. దానికి భద్రత అనుమతులు ఇచ్చేది, తనిఖీ చేసేది, పని ఆపమనగలిగేది అణుశక్తి నియంత్రణ మండలి, అందరూ ఏఈఆర్‌బీ అంటారు, 1983 నవంబరు 15న పెట్టారు, ఆఫీసు ముంబైలో. ఈ మండలికి చట్టం ఇచ్చిన స్వతంత్ర హోదా లేదని, ప్రభుత్వం కింది సంస్థలాగే మిగిలిపోయిందని కాగ్ 2012లో తన నివేదికలో గట్టిగా రాసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత 1962 అణుశక్తి చట్టం స్థానంలో 'శాంతి' (SHANTI) అనే కొత్త అణుశక్తి చట్టం తెచ్చి ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది. హోదా వచ్చింది సరే, బయటి నుంచి ప్రశ్న పోకపోతే ఏ మండలి అయినా కంపెనీ కాగితాలు చూసి సంతకం పెట్టే దగ్గరే ఆగిపోతుందని నా నమ్మకం.

ఏఈఆర్‌బీ అనుమతి ఒకేసారి ఇవ్వదు, ఇది బాగా గుర్తుంచుకోండి. ముందు స్థలానికి, తర్వాత కట్టడానికి, తర్వాత నడిపి చూడటానికి, తర్వాత నడపడానికి. కట్టడంలో మళ్లీ మూడు మెట్లు: పునాది తవ్వకం, మొదటి కాంక్రీటు పోత, పెద్ద యంత్రాల బిగింపు. ఒక మెట్టు దాటాలంటే ఆ మెట్టుకు పెట్టిన షరతులు తీరాలి. కాబట్టి సైట్‌లో పని ఏ మెట్టు మీద ఉందో ముందు కనుక్కోండి, రాబోయే మెట్టు గురించే అడగండి. అయిపోయిన మెట్టు గురించి అడిగితే జవాబు వస్తుంది గానీ ఏదీ మారదు.

కట్టే దశలో ఏమవుతుందిలే, ఇంధనమే లేదు కదా అనేవాళ్లకు కైగా సంగతి చెప్పండి. 1994 మే 13న అక్కడ కడుతున్న మొదటి రియాక్టర్ లోపలి గుమ్మటం కాంక్రీటు పెచ్చు ఊడి కింద పడింది, 100 టన్నుల పైమాటే. కార్మికులకు దెబ్బలు తగిలాయి, రియాక్టర్‌లో ఇంధనం లేదు కాబట్టి అంతటితో పోయింది. తర్వాత గుమ్మటం డిజైన్ మార్చి మళ్లీ కట్టాల్సి వచ్చింది. రియాక్టర్‌లో ఏదైనా జరిగితే రేడియేషన్ బయటికి రాకుండా ఆపాల్సింది ఆ గుమ్మటమే, అది నడిచే రోజుల్లో ఊడి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. కూడంకుళంలో కూడా 2013లో మొదటి యూనిట్ మొదలుపెట్టే ముందు పరీక్షల్లో 4 వాల్వులు సరిగా లేవని తేలి మార్చారు. ముందే పట్టుకుంటే ఇలా మార్చుకోవచ్చు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

అన్నిటికంటే తేలిగ్గా దొరికేది పర్యావరణ అనుమతి పత్రం. దాని కంటే ముందు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది, పర్యావరణ ప్రభావ అంచనా మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటించాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం అక్కడి భాషలో ఉండాలి, కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీలో చూసుకోవడానికి పెట్టాలి. ఆ 30 రోజులు చాలా ఊళ్లలో వట్టిగా పోతాయి, సభ రోజు అందరూ వచ్చి ఆవేశంగా మాట్లాడి పోతారు. మీరు అలా చేయకండి. నలుగురు కూర్చుని సారాంశం చదివి, ఒక్కొక్కరు ఒక్కో విషయం పంచుకోండి, ఒకరు నీళ్లు, ఒకరు భూమి, ఒకరు పనివాళ్ల భద్రత, ఒకరు ప్రమాదం జరిగితే తప్పించుకునే దారి. రెండు నిమిషాలు మాట్లాడండి, అదే విషయం కాగితం మీద రాసి ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. సభ అయిపోయే ముందు అక్కడ వచ్చిన అభిప్రాయాల సారాంశం జనానికి వాళ్ల భాషలో చదివి వినిపించాలని నిబంధన ఉంది. మైకు కట్టేసి లేచిపోతుంటే లేచి నిలబడి, చదవండి సార్ అని అడగండి. మీరు చెప్పింది అందులో లేకపోతే అక్కడే చెప్పండి, వీడియో తీస్తుంటారు, అదీ రికార్డవుతుంది.

అనుమతి వచ్చాక అసలు పని. ఆ పత్రంలో షరతులుంటాయి, వాటిని పాటిస్తున్నామని కంపెనీ ఏటా రెండుసార్లు, జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి, అది ఎవరైనా చూడగలిగే పత్రం. కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో, కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి. రెండు నివేదికలు పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం కనిపిస్తుంది, చాలా షరతుల దగ్గర 'పాటిస్తున్నాము' అని ఒకే మాట, ఆరు నెలల తర్వాత కూడా అదే మాట. ఆ మాట ఉన్న చోటల్లా పెన్నుతో గీత పెట్టండి, సమాచార హక్కు దరఖాస్తుకు ప్రశ్నలు అక్కడే పుడతాయి.

అనుమతి మీదే అభ్యంతరం ఉంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో 30 రోజుల్లో అప్పీలు వేయాలి, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో అప్పుడు కడుతున్న యాదాద్రి థర్మల్ కేంద్రం అనుమతిని 2022లో ఇదే ట్రిబ్యునల్ పక్కన పెట్టి మళ్లీ అధ్యయనాలు చేయమంది, అప్పటికే పని చాలా దూరం పోయింది. ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని చూస్తుంది గానీ రియాక్టర్ డిజైన్‌ను కాదు, ఈ తేడా తెలియక కేసు బరువు తగ్గించుకోకండి.

సమాచార హక్కును ఇలా వాడండి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కూర్చుని ముంబై ఆఫీసును అడగొచ్చు. కేంద్ర సంస్థలకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకు ఫీజు లేదు. పోస్టాఫీసులో ఇచ్చినా పంపుతారు, దరఖాస్తు పెట్టే ప్రాంతపు అధికార భాషలో రాయొచ్చని చట్టంలోనే ఉంది, అంటే తెలుగులో రాయొచ్చు. నా అనుభవంలో తెలుగుతో పాటు ఇంగ్లిష్‌లో కూడా రాసి జతచేస్తే జవాబు తొందరగా వస్తుంది. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోయినా నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీద 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మనిషి ప్రాణానికి సంబంధించిందైతే 48 గంటల్లో ఇవ్వాలి, కానీ ప్రతిదానికీ ఈ మాట రాస్తే ఎవరూ పట్టించుకోరు, నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడే రాయండి.

అడిగే తీరు ముఖ్యం. 'రియాక్టర్ సురక్షితమేనా?' అని అడిగితే 'అవును' అని జవాబు వస్తుంది, అంతే. కాగితం పేరు పెట్టి అడగాలి. మొదటి కాంక్రీటు పోతకు ఏఈఆర్‌బీ ఇచ్చిన అనుమతి పత్రం, షరతులతో సహా నకలు ఇవ్వండి. గత ఏడాదిలో సైట్‌లో ఏఈఆర్‌బీ చేసిన తనిఖీలు ఎన్ని, తేదీలు ఏమిటి, ఎన్ని లోపాలు రాశారు, ఎన్ని సరిచేశారు. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా కాంక్రీటు క్యూబ్‌ల 28 రోజుల పరీక్ష, అంటే పోతలోంచి తీసిన నమూనా దిమ్మల బలం చూసే పరీక్ష, రిజిస్టరు ఇవ్వండి, ఫెయిలైన క్యూబ్‌లు ఉంటే ఆ పోతను ఏం చేశారో చెప్పండి. ఎన్‌సీఆర్‌లు, అంటే నాణ్యత తేడా వచ్చినప్పుడు సైట్‌లో రాసే రిపోర్టులు, వాటి జాబితా ఇవ్వండి. ప్రమాదాల రిజిస్టరులో మరణాల సంఖ్య, తేదీ, కారణం ఇవ్వండి. ఇలా అడిగిన ప్రశ్నకు అవును కాదు అని తప్పించుకోవడం కుదరదు.

చాలామందికి తెలియని ఇంకో హక్కు సమాచార హక్కు చట్టం సెక్షన్ 2లో ఉంది. కాగితాలే కాదు, పనిని స్వయంగా చూసే హక్కు, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా సమాచార హక్కులో భాగమే. రియాక్టర్ గోడ దగ్గరికి రానివ్వరు, అది ఆశించకండి. కానీ పునరావాస కాలనీ ఇళ్లు, గేటు బయట వేసే రోడ్లు, ఊళ్లకు ఇచ్చే నీళ్ల పైపులైను, ఇవన్నీ కూడా ఆ ప్రాజెక్టు పనులే, వాటిని చూస్తామని అడగండి. బయట పనిలో నాణ్యత ఎలా ఉందో చూస్తే ఆ కాంట్రాక్టర్ పద్ధతి తెలిసిపోతుంది.

రహస్యం అంటారు, తప్పకుండా అంటారు. దేశ భద్రతకు, వ్యూహాత్మక ప్రయోజనాలకు సంబంధించింది ఇవ్వక్కర్లేదని సెక్షన్ 8లో ఉంది, కొంత సమాచారాన్ని రహస్యంగా ఉంచే అధికారం 1962 అణుశక్తి చట్టంలోనూ ఉండేది, కొత్త చట్టంలోనూ ఉంది. అందుకే డ్రాయింగులు, కాపలా ఏర్పాట్లు, ఇంధనం వివరాలు అడగకండి, మనకు అవి అక్కర్లేదు కూడా. క్యూబ్ పరీక్షలో, కూలీ చావులో దేశ రహస్యం ఏమీ లేదు. కొంత భాగం రహస్యమైతే దాన్ని కొట్టేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెప్తుంది, ప్రజా ప్రయోజనం పెద్దదైతే మినహాయింపులను దాటి ఇవ్వొచ్చని 8(2) చెప్తుంది, అప్పీల్లో ఈ రెండూ రాయండి. కూడంకుళం భద్రత నివేదికను, స్థల పరిశీలన నివేదికను జనానికి ఇవ్వమని 2012 ఏప్రిల్ 30న కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించింది. ఆ ఆదేశం మీద కంపెనీ కోర్టుకు పోయిన మాట నిజమే, అయినా అప్పీల్లో దాన్ని ప్రస్తావించండి, అడగడం తప్పు కాదని అది చూపిస్తుంది.

లోపల పనిచేసేవాళ్లకు

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవండి. ఫోన్‌తో ఫొటో తీయకండి, వీడియో తీయకండి, గ్రూపుల్లో పెట్టకండి. అణు కేంద్రాలు నిషేధిత ప్రాంతాలు, 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద కేసు పడితే కూలి మనిషి కోలుకోలేడు. మన ఉద్దేశం మంచిదే అని ఎవరూ చూడరు. చూసింది మనసులో పెట్టుకుని, బయటికి వచ్చాక అదే రోజు రాత్రి తేదీ, సమయం, ఏ పని, ఏం తేడా, ఎవరికి చెప్పారు అన్నది సొంత మాటల్లో రాసుకోండి. చదువు రాకపోతే ఇంటికి ఫోన్ చేసి పిల్లలతో రాయించండి.

తేడా అంటే ఏది అని అడుగుతారు. ఇనుము తుప్పు తుడవకుండా కట్టడం, పోత మధ్యలో ఆగి గంటలు గడిచాక మళ్లీ పోయడం, వైబ్రేటర్ సరిగా పెట్టక హనీకోంబ్, అంటే కాంక్రీటులో గుల్లలు, పడితే ఎవరికీ చూపించకుండా సిమెంటు పూసి మూసేయడం, వెల్డింగ్ పరీక్ష కాకముందే పైపు కప్పేయడం, నీళ్లు ఎక్కువ కలిపి కాంక్రీటు జారుగా చేయడం. ఇవి మీకు ఇంజనీర్ల కంటే ముందే తెలుస్తాయి, ఎందుకంటే చేసేది మీ చేతులే.

ఇంధనం లేని సైట్‌లో కూడా రేడియేషన్ ఉంటుంది, ఈ సంగతి చాలామంది మేస్త్రీలకే తెలియదు. వెల్డింగ్ అతుకులు పరీక్షించడానికి ఇరిడియం-192 లాంటి మూలకం ఉన్న గామా కెమెరా తెస్తారు, ఎక్కువగా రాత్రిపూట. ఆ సమయంలో చుట్టూ తాడు కట్టాలి, ఎర్ర లైటు, మూడు రెక్కల హెచ్చరిక గుర్తు పెట్టాలి, కెమెరా నడిపేవాళ్ల ఒంటి మీద రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉండాలి. తాడు లేకుండా పని చేస్తుంటే అక్కడ నిలబడకండి, వెంటనే దూరం జరిగి సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పండి. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు, మామూలు జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మించకూడదు, రేడియేషన్ పనిలో ఉన్నవాళ్లకు ఐదేళ్ల సగటు 20, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. సెంట్రింగ్ పని చేసే మనిషి మామూలు జనం లెక్కలోకే వస్తాడు. కింద పడి ఉన్న మెరిసే చిన్న లోహపు ముక్కను ఎప్పుడూ చేత్తో తీయకండి, జేబులో అసలే వేసుకోకండి, అది ఆ కెమెరాలోంచి జారిన మూలకం కావొచ్చు.

అధికారి డబ్బు తీసుకుని బిల్లు పాస్ చేశాడు, ఫెయిలైన పరీక్షను పాస్ అని రాశాడు లాంటివైతే కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు పీఐడీపీఐ పద్ధతిలో, అంటే ప్రజా ప్రయోజనం కోసం ఫిర్యాదు చేసే మనిషి పేరు దాచిపెట్టే పద్ధతిలో, రాయొచ్చు. కవరు మూసి పైన పీఐడీపీఐ అని రాయాలి, పేరు, చిరునామా లోపల విడిగా ఇవ్వాలి, ఫిర్యాదు వచ్చిన మనిషి పేరు బయటపెట్టరు. హైవే పనుల్లో అవినీతి గురించి రాసిన ఇంజనీర్ సత్యేంద్ర దూబేను 2003లో చంపేశాక, 2004లో ఈ ఏర్పాటు వచ్చింది. దాని వెనక ఒక ప్రాణం పోయింది, అందుకే ఊరికే పితూరీలకు వాడకండి.

ఇప్పుడు నోటుబుక్కు తీయండి. ఏఈఆర్‌బీ ఏటా వార్షిక నివేదిక ఇస్తుంది, అందులో పారిశ్రామిక భద్రత అన్న భాగంలో ప్రమాదాలు, మరణాల లెక్క ఉంటుంది. మన ఊళ్ల నుంచి పోయి శవమై వచ్చినవాళ్లు, చెయ్యో కాలో పోగొట్టుకుని వచ్చినవాళ్లు ఆ లెక్కలో ఉన్నారా చూడండి. లేకపోతే తేదీతో సహా ఏఈఆర్‌బీకి రాయండి, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నకళ్లు జతచేయండి. పది ఊళ్ల నోటుబుక్కులు కలిస్తే ఆ లెక్కను తోసిపుచ్చడం ఎవరికీ తేలిక కాదు.

ముందు నీళ్లు, తర్వాత వాదన

ఫ్లోరైడ్ మనకు నేర్పింది ఇదే. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఒంగిన కాళ్లు కళ్లముందు ఉన్నా, ఏ బోరులో ఎంత ఉందన్న లెక్క చేతిలో లేనంత కాలం మన మాట నిలబడలేదు. అణు కేంద్రం దగ్గర కూడా అంతే, నడవకముందు నీళ్లలో, మట్టిలో, పాలలో రేడియేషన్ ఎంత ఉందో తెలియకపోతే తర్వాత పెరిగిందని ఎవరూ నిరూపించలేరు. ప్రతి సైట్ దగ్గరా కేంద్రం మొదలు కాకముందే భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ల పర్యావరణ ప్రయోగశాల కొలతలు తీస్తుంది, ఆ కొలతలు మీ ఊరివి అడిగి తీసుకుని పంచాయతీలో పెట్టించండి. సొంతంగా కూడా మే నెలలో ఒకసారి, వానలు పోయాక ఒకసారి, అవే బావులు, అవే బోర్లు పరీక్ష చేయించండి.

ప్రమాద ప్రణాళిక కలెక్టర్ పని, ఇక్కడ ఆయన్ని అడగొచ్చు. కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల దాకా ప్రణాళిక ఉండాలి, ఇంధనం నింపేలోపు సిద్ధం కావాలి. మీ ఊళ్లో ఎవరు చాటింపు వేస్తారు, ఎన్ని బస్సులు, ఏ దారి, ఏ బడిలో ఉంచుతారు, మంచాన పడ్డ ముసలివాళ్లను ఎవరు ఎత్తుకుపోతారు, గొడ్లను ఏం చేస్తారు అని గ్రామసభలో తీర్మానం చేసి రాతపూర్వకంగా అడగండి. ఫ్రాన్స్‌లో ప్రతి అణు కేంద్రం దగ్గరా స్థానిక సమాచార సంఘం ఉండాలని 2006లో చట్టం చేశారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు, కానీ గ్రామసభ ఒక కమిటీ వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో చిక్కుకుపోయిన 8 మంది జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు మన నేల కింద ఎన్ని రోజులు ఏం చూశారో మనం ఒక్కసారైనా అడగలేదు, వాళ్ల భాష మనకు రాదు. మనవాళ్లు కైగాకో ఇంకో చోటికో పోయినప్పుడు అక్కడి ఊళ్లకు వీళ్లూ అంతే. కాబట్టి దసరాకు ఇళ్లకు వచ్చినవాళ్లు మళ్లీ బస్సు ఎక్కేలోపు ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. సైట్ దగ్గరి ఊళ్లో గ్రామసభ కమిటీ మనిషి ఎవరో ముందే కనుక్కుని, అక్కడి భాష, మన భాష రెండూ వచ్చినవాళ్లు ఒకరిని మాట్లాడించి, ఆ మనిషి పేరు, నంబరు చిన్న కాగితం మీద రాసి ఇవ్వండి. కాగితం వెనక వైపు ఊళ్లో నోటుబుక్కు రాసే మనిషి నంబరు రాయండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆధార్ కార్డుతో పాటు దాచుకోమనండి, చెమటకు తడవకుండా ఉంటుంది.